మూడు దుబాయిలు, ఒక ఇల్లు

మనిషి ఏది ఎంచుకుంటాడో ముందే చెప్పలేం, ఏది ఎంచుకునే అవకాశం ఎంత ఉందో మాత్రమే చెప్పగలం. ఆరేళ్లు నేను చదివిన చదువును ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెప్పేదాన్ని. సిరిసిల్లలో మా వాడవాళ్లు ఇది విని కాసేపు నా మొహం చూసి, "మరి గిది సదివితె ఏం నౌకరస్తది బిడ్డా?" అనేవాళ్లు. ఆ లెక్క మాత్రం నా దగ్గర ఉండేది కాదు.

ఆ చదువు నిజానికి అంత కష్టమైనదేమీ కాదు. ఒక మనిషి ముందు నాలుగు దారులున్నాయనుకోండి. ఒక్కోదానికి ఖర్చు, దూరం, పట్టే సమయం, ఒంటికి సుఖం అంటూ కొన్ని గుణాలుంటాయి. ఒక్కో గుణానికి అతను మనసులో ఒక్కో బరువు ఇస్తాడు. ఆ బరువు ఎంతో అతనికే తెలియదు. కానీ చాలామంది ఏమేం ఎంచుకున్నారో రాసుకుంటే, వెనక్కి లెక్కగట్టి ఆ బరువులు మనం చెప్పొచ్చు. అందులో ఎవరూ ఏడవరు, అలగరు, తలుపులు ధన్‌మని వేసుకోరు. నాకు ఆ చదువు నచ్చింది అందుకే.

నాన్న పోయిన ఏడాదే నేను హైదరాబాద్‌లో యూనివర్సిటీలో చేరాను. ఆయన పోయినప్పుడు ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. రాలేదని చుట్టాలు గుసగుసలాడుకున్నారు కూడా. పదకొండో రోజు అయిపోగానే హాస్టల్ గదికి వెళ్లి లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. అప్పటి నుంచి లోపల ఎక్కడో తిమ్మిరెక్కినట్టే ఉండేది. తిమ్మిరి నొప్పి కాదు కదా, అలవాటైపోయింది.

మా గైడ్ సారు ఒక ఉదాహరణ చెప్పేవారు. క్యాంటీన్‌లో చాయ్, కాఫీ రెండే ఉన్నాయి. సగం మంది చాయ్ తాగుతారు, సగం మంది కాఫీ తాగుతారు. ఒకరోజు క్యాంటీన్ అతను బోర్డు మీద గాజు గ్లాసులో చాయ్, కాగితం కప్పులో చాయ్, కాఫీ అని మూడు పేర్లు రాశాడు. మూడు పేర్లకూ సమానంగా పంచితే కాఫీ వాటా మూడో వంతుకు పడిపోతుంది. "కాఫీ తాగేవాడు కాగితం కప్పును చూసి చాయ్‌కి మారతాడా?" అని సారు అడిగేవారు. మారడు. కాఫీ వాటా సగమే ఉండాలి, మిగిలిన సగాన్నే రెండు చాయ్‌లూ పంచుకోవాలి. ఒకేలాంటివాటిని వేరు వేరుగా లెక్కపెడితే, వాటికి భిన్నంగా ఉన్న ఒక్కదానికి అన్యాయం జరుగుతుంది. ఈ అన్యాయాన్ని లెక్కలో ఎలా సరిదిద్దాలన్నదే నా పరిశోధన. రెండేళ్లు ఆ చాయ్, ఆ కాఫీతోనే కాలం గడిపాను.

సకల జనులూ సమ్మెకు దిగిన ఏడాది హాస్టల్ మెస్ మూసేశారు. బస్సులు ఆగిపోవడానికి ఒకరోజు ముందు సంచి సర్దుకుని సిరిసిల్ల చేరాను. రెండు రోజులు కాలేదు, సారు ఫోన్ చేశారు. "నీ అదృష్టం బాగుంది. బస్సు అన్న దారే మాయమైపోయింది. రోజూ బస్సెక్కేవాళ్లంతా ఇప్పుడు ఎటు మళ్లుతున్నారో చూడు. ఇలాంటి డేటా మళ్లీ దొరకదు" అన్నారు. జనం రోడ్డు మీదే వంటలు చేసుకుని, అక్కడే తిని, అక్కడే బతుకమ్మ ఆడుతూ రాష్ట్రం కావాలని అడుగుతున్న రోజులవి. మా ఇద్దరికీ అది డేటా. ఆయన్ని తప్పుపట్టను, నాకూ అలాగే అనిపించింది.

వేములవాడలో జీపెక్కి, కొడిమ్యాల మీదుగా జగిత్యాల, అక్కడి నుంచి కోరుట్ల వెళ్లాను. కోరుట్లలో మా మామ ఇల్లుంది, అవ్వకు సొంత తమ్ముడు. మా దగ్గర అమ్మనే అవ్వ అంటాం. మామ ఇంట్లో దిగి, పొద్దున్నే ఖాళీ బస్టాండ్ బయట నిలబడి వచ్చేపోయేవాళ్లను ప్రశ్నలడిగేదాన్ని. నా చేతిలో కొన్ని అట్టలు ఉండేవి. ఒక్కో అట్ట మీద మూడు బండ్లు రాసి ఉండేవి. ఒకటి తొందరగా పోతుంది కానీ ఇరుకు. ఇంకోటి ఆలస్యం, కానీ సీటు దొరుకుతుంది. మూడోది చవక, కానీ ఊరి బయటే దింపేస్తుంది. ఏది ఎక్కుతారు?

పసుపు బస్తా మీద కూర్చున్న ఒక పెద్దాయన ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ బండ్లు ఏడున్నయి బిడ్డా?"

"లేవు పెద్దయ్యా. ఉన్నయనుకో."

"లేని బండ్ల ముచ్చట నన్నెందుకడుగుతున్నవ్? గా జీపు ఉన్నది సూడు. గది ఎప్పుడు తీస్తడో గా డ్రైవర్‌ను అడుగు. పుణ్యముంటది."

జగిత్యాలలో ఒకావిడ మూడు బండ్ల వివరాలూ ఓపిగ్గా విని, "నేను కొడిమ్యాల పోవాలె. మూడూ వద్దు, నడుస్త" అని కొంగు బిగించింది. నడక నా అట్ట మీద లేదు. ఆమె జవాబును ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశాను.

అయితే ఆ తిరుగుడులో ఒకటి గమనించాను. జనం తూకం వేయరు. అన్ని గుణాలనూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఎవరికీ లేదు. ఏదో ఒక్క గుణాన్ని పట్టుకుంటారు. ఆడవాళ్లు కూర్చున్న బండేనా? కాకపోతే కొట్టేయ్. పొద్దుగూకేలోపు చేరుస్తుందా? చేర్చకపోతే అదీ కొట్టేయ్. అలా ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయి, చివరికి మిగిలింది ఎక్కుతారు. దీనికీ ఒక సూత్రం ఉంది, నేను అప్పటికే పుస్తకంలో చదివాను. ఆ పద్ధతిలో ఏ గుణాన్ని ముందు పట్టుకున్నారన్నదే అసలు సంగతి. ముందు పట్టుకున్నదాన్నిబట్టి మిగిలేది మారిపోతుంది.

పది రోజుల తర్వాత నిండిన కాగితాలతో సిరిసిల్ల తిరిగొచ్చేసరికి మా ఇంట్లో ఇంకో ఎంపిక నడుస్తోంది. అన్న దుబాయి పోవాలా, ఉండాలా?

అన్న సాంచ నడిపేవాడు. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచ అంటారు. అవి సొంతవి కావు. సేటు షెడ్డులో ఎనిమిది సాంచల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగులు అతికే పని. పదిహేనేళ్లుగా అదే చేస్తున్నాడు. ఆ చప్పుడుకు చెవులు మందగించి, ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. సమ్మె రోజుల్లో నూలు రాక, కరెంటు లేక షెడ్డు వారంలో సగం రోజులు మూసే ఉండేది. మూసిన రోజున అన్న వెళ్లి దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. శిబిరంలో ఒకరు "రాష్ట్రం అస్తె ఈడనే కొలువులస్తయి" అంటే ఉందామని వచ్చేవాడు. మర్నాడు ఇంకొకరు "గది ఎప్పుడస్తదో, మనం ఎప్పుడు బతుకుతమో" అంటే పోదామని వచ్చేవాడు. అన్న మెత్తటి మనిషి. చివరగా ఎవరు మాట్లాడితే వాళ్లవైపు ఒరిగిపోతాడు.

వదిన బీడీలు చుట్టేది. అప్పటికి ఆమెకు ఐదో నెల. వాళ్ల తల్లిగారి ఊరు బోయినపల్లి పక్కన. ఆ దగ్గర్లోని కోళ్ల ఫారంలో మనిషి కావాలంటున్నారని, అన్న అక్కడ చేరితే బాగుంటుందని ఆమె ఆశ. ఆమె పట్టుకున్న గుణం ఒక్కటే. "పొద్దుగూకితె మనిషి ఇంట్లుండాలె" అనేది. ఆ ఒక్క మాటతో దుబాయి కొట్టుకుపోతుంది, మావాళ్లు సాంచల పనికి వలసపోయే భివండీ కొట్టుకుపోతుంది, సూరత్ కొట్టుకుపోతుంది. సేటు షెడ్డు, బోయినపల్లి కోళ్లు మిగులుతాయి.

అన్న పట్టుకున్నది వేరు. "నాకు ఇగ గా సాంచ సప్పుడు ఇనవడద్దు. గంతే" అనేవాడు. దానితో భివండీ, సూరత్, సేటు షెడ్డు మూడూ పోతాయి. కోళ్ల ఫారమూ, దుబాయీ మిగిలే ఉంటాయి. అంటే ఇద్దరి మాటనూ నిలబెట్టేది కోళ్ల ఫారం ఒక్కటే. ఇది తేల్చడానికి సూత్రాలేవీ అక్కర్లేదు. అయినా ఇంట్లో ఎవరూ వదిన మాటను ముందు పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు. నన్ను ఎవరూ అడగలేదని అనుకున్నాను. అడగకపోతే చెప్పకూడదని ఎక్కడ నేర్చుకున్నానో తెలియదు.

దుబాయి వైపు మాత్రం ఒత్తిడి గట్టిగానే ఉంది. మా దగ్గర గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయి పోవడమే. మస్కట్ పోయినవాడూ దుబాయి పోయినట్టే, బహ్రెయిన్ పోయినవాడూ దుబాయి పోయినట్టే. అన్నకు మూడు వీసాలు చూసిపెట్టారు. కోరుట్ల మామ అసలు దుబాయిదే తెచ్చాడు. మెట్‌పల్లిలో ఉండే పెద్దమ్మ అల్లుడు మస్కట్‌ది ఉందన్నాడు. సేటుకు జగిత్యాలలో ఒక దోస్తు ఉన్నాడు, అతని దగ్గర బహ్రెయిన్‌ది ఉంది. మూడూ కట్టడం పనులే. మూడూ రెండేళ్ల ఒప్పందాలే. మూడింట్లోనూ క్యాంపులో మంచం మీద మంచం, పాస్‌పోర్ట్ కంపెనీ చేతిలో. తేడా వెతికితే దొరుకుతుంది, గాజు గ్లాసుకూ కాగితం కప్పుకూ ఉన్నంత.

నెల గడిచినా అన్న ఎటూ తేల్చలేదు. మూడు చోట్ల నుంచీ ఫోన్లు వస్తున్నాయి. ఒక ఆదివారం అవ్వ విసిగిపోయి, "మనతోని కాదు. దేవునికి ఇడుద్దాం. రేపు చిట్టీలు ఏద్దాం" అంది.

చీటీలు వేయడం మా ఇంట్లో కొత్త కాదు. ఏ సంగతీ తెగకపోతే, ఒక్కో దారికి ఒక్కో చీటీ రాసి, మడిచి, ఇత్తడి చెంబులో వేసి, దేవుడి పటాల ముందు పెడతాం. తలంటు పోసుకున్న మనిషి చెంబు మూతిని అరచేత్తో మూసి మూడుసార్లు ఊపి, ఒక చీటీ తీస్తుంది. ఎవరి సంగతి తేలాలో వాళ్లు తీయకూడదు. తీశాక ఇక మాట ఉండదు. నాన్న ఈ షెడ్డు మారాలా, ఆ షెడ్డులో ఉండాలా అన్నదీ అలాగే తేలింది. నేను జగిత్యాలలో డిగ్రీ చదవాలా, కరీంనగర్‌లో చదవాలా అన్నదీ అలాగే తేలింది. నాకు దానిమీద కోపం ఉండేది కాదు. అవకాశాలు సమానంగా ఉన్నప్పుడు చీటీకి మించిన న్యాయం లేదు.

సోమవారం పొద్దున అవ్వ తలంటు పోసుకొచ్చింది. అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వదిన కిందనే, తునికాకులున్న చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. అవ్వ నావైపు నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం తోసింది.

"నువ్వు సదువుకున్నదానివి. నువ్వు రాయి."

నేను రెండు ముక్కలు చేశాను. ఒకదాని మీద "ఉండుడు" అని రాశాను. రెండోదాని మీద "పోవుడు" అని రాశాను. అవ్వ చదవమంది, చదివాను.

"పోవుడంటె ఏడికే? దేవునికేం తెలుస్తది ఏ వీసనో? మూడు రాయి."

"మూడెందుకవ్వా? పోవుడు ఒక్కటే గద."

"ఒక్కటేంది? మీ మామ తెచ్చింది రాయకుంటె, రేపు ఎర్కైతె ఏమనుకుంటడు? గా మెట్‌పల్లి అల్లుడు రెండు మార్ల మనింటికి అచ్చిండు, బండి గూడ దిగకుండ పోతున్నంటె మనమే చాయ్ తాగిపిచ్చినం. సేటు సొంటి మనిషి తనంతట తను చెప్పిండు. దేవుని ముంగట ఒగల పేరు ఇడిసిపెట్టుడు మంచిగుంటదా?"

అవ్వ చెప్పింది మా వాళ్లెవరైనా చెప్పేదే. మేలు చేయాలని వచ్చిన మనిషిని దేవుడి ముందు లెక్కలోకి తీసుకోకపోవడం మా దగ్గర పెద్ద తప్పు. పెళ్లిలో ఒక ఇంటిని పిలవడం మరిచిపోతే ఏళ్లు గడిచినా మాటొస్తుంది. నేను "పోవుడు" చీటీని చింపేశాను. "దుబాయి" అని రాశాను. "మస్కట్" అని రాశాను. "బహ్రెయిన్" అని రాయబోతుంటే కలం ఆగింది.

ఎందుకు ఆగిందో ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. చాయ్, చాయ్, చాయ్, కాఫీ. రెండు చీటీలుంటే అన్న ఉండే అవకాశం సగం. నాలుగైతే పావు. నా పరిశోధన సరిదిద్దాలనుకున్న తప్పు, నేను రెండేళ్లుగా సూత్రాల్లో వెతుకుతున్న తప్పు, మా ఇంట్లో దేవుడి పటాల ముందు నా చేతిరాతలోనే తయారవుతోంది. దాన్ని సరిచేయడం కూడా సులువే. ముందు ఉండుడా పోవుడా అని ఒకసారి తీసి, పోవుడు వస్తే ఏ దేశమో అని రెండోసారి తీస్తే చాలు. మామకూ కోపం రాదు, అల్లుడికీ రాదు, దేవుడికీ రాదు. ఈ రెండు మెట్ల పద్ధతికి నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయమే ఉంది.

చెప్పలేదు. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. దాన్ని దాచిపెట్టి ఇప్పుడు లాభం లేదు. పుస్తకంలో చదివింది కళ్లముందు కనబడితే చదువుకున్నవాళ్లకు కలిగే సంతోషం అది. నాన్న పోయాక లోపల ఏదైనా కదలడం అదే మొదటిసారి. "ఒక్క నిమిషం" అని లేచి, లోపలికి వెళ్లి, నా నోట్‌బుక్కు తెచ్చుకుని, మరిచిపోకముందే రాసుకున్నాను. ఒకేలాంటి దారులు మూడు, భిన్నమైంది ఒకటి, సగం పావైంది, కారణం మర్యాద. "మర్యాద" కింద గీత కూడా గీశాను. తర్వాత నోట్‌బుక్కు పక్కన పెట్టి, "బహ్రెయిన్" రాసి, నాలుగు చీటీలూ ఒకే తీరుగా మడిచాను. మడత తేడా ఉంటే అవకాశాలు మారతాయని జాగ్రత్తగా మడిచాను.

అవ్వ చెంబు ఊపింది. మస్కట్ వచ్చింది.

అన్న "మంచిది" అన్నాడు. అతని మొహంలో బరువు దిగినట్టే కనిపించింది. అవ్వ చీటీని కళ్లకద్దుకుంది. వదిన ఒళ్లోని చాటను కింద పెట్టి, లేచి, పెరట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమింది. గిన్నెలు అంతకుముందే తోమి ఉన్నాయి.

అన్న వెళ్లేనాటికి సమ్మె ఆగిపోయింది కానీ రోడ్ల మీద రాస్తారోకోలు ఆగలేదు. కిరాయి కారులో విమానాశ్రయానికి పోతుంటే దారిలో ఒకచోట జనం రాళ్లు అడ్డం పెట్టి కూర్చున్నారు. ఒకతను వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏడికి అన్నా?"

"దుబాయి పోతున్న తమ్మీ" అన్నాడు అన్న, వీసా మస్కట్‌దే అయినా.

అతను వెనక్కి తిరిగి, "రాళ్లు తీయుండ్రి, అన్న దుబాయి పోతుండు" అని కేకేశాడు. నలుగురు రాళ్లు జరిపారు. "మంచిగ పోయి రా అన్నా, నువ్వచ్చేసరికి రాష్ట్రం అస్తది" అన్నారు. అన్న తల బయటపెట్టి జై తెలంగాణ అని అరిచాడు. మళ్లీ లోపలికి ఒరిగి కళ్లు తుడుచుకున్నాడు. వదిన ముందు సీట్లో కూర్చుని ఉంది, వెనక్కి తిరగలేదు. నేను అన్న పక్కనే ఉన్నాను. అతని చేయి పట్టుకుందామనుకున్నాను. పట్టుకోవడానికి కావాల్సిందేదో నా దగ్గర లేకుండా పోయింది. రోడ్డు పక్కన ఎన్ని జీపులు నిలబడ్డాయో లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత నేను మళ్లీ హాస్టల్‌కు చేరాను. కోరుట్ల, జగిత్యాల కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఊరూ పేరూ రాయకుండా మా ఇంటి చీటీల సంగతిని మూడో అధ్యాయం మొదట్లో ఉదాహరణగా పెట్టాను. సారు చదివి చాలా మెచ్చుకున్నారు. "చాయ్ కాఫీ కంటే ఇది బాగుంది. ఎక్కడ దొరికింది?" అన్నారు. "ఫీల్డులో" అన్నాను.

వదినకు ఆడపిల్ల పుట్టింది. మొదటి ఏడాది అన్న ఫోన్లు వారం వారం వచ్చేవి. తర్వాత కంపెనీ జీతాలు ఆపేసింది. కొన్ని నెలలు చూసి, అందరితో పాటు అన్న కూడా క్యాంపు విడిచి బయట పనికి పోయాడు. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గరే ఉండిపోయింది. అలా కాగితాలు లేకుండా మిగిలిపోయినవాళ్లను మావాళ్లు ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయిన మనిషి పని దొరికితే చేసుకోవచ్చు, పోలీసు కనబడితే దాక్కోవాలి, ఇంటికి మాత్రం రాలేడు. అక్కడి సర్కారు ఎప్పుడైనా క్షమాభిక్ష పెడితే తప్ప విమానం ఎక్కలేడు. ఫోన్లు నెలకొకటయ్యాయి. ఒక్కోసారి అదీ లేదు.

ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదు కాబట్టి ఎవరూ ఏడవలేదు. ఎవరూ తిరిగి రాలేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. అవ్వ, "దేవుడు తీసిన చిట్టి గద, దేవుడే తోలుకస్తడు" అనేది. వదిన బీడీలు చుట్టేది. పిల్ల ఫోను కనబడితే చెవికి పెట్టుకుని "బాపూ" అనేది, ఎవరు చేసినా సరే. నేను సెలవులకు వచ్చి పోయేదాన్ని. నా తిమ్మిరి ఇప్పుడు ఇల్లంతా పాకిందని అనిపించేది.

రాష్ట్రం ఖాయమైందన్న వార్త వచ్చిన రోజు నేను సిరిసిల్లలోనే ఉన్నాను. వారం ముందే సిద్ధాంత వ్యాసం అట్ట వేయించి యూనివర్సిటీలో ఇచ్చి, ఒక ప్రతి ఇంటికి తెచ్చుకున్నాను. అవ్వ పిల్లను చంకనేసుకుని రోడ్డు మీదికి పోయింది. డప్పులు, పటాకులు, రంగులు. ఇన్నేళ్లూ వినబడే సాంచల చప్పుడు ఆ మధ్యాహ్నం ఎక్కడా లేదు. బీడీ కార్ఖానా కూడా మూసేశారని వదిన చుట్టిన బీడీలు తిరిగి తెచ్చుకుని, గుమ్మం దగ్గర కూర్చుని కట్టలు కడుతోంది. కట్టకు ఇరవై ఐదు. ఆమె లెక్కపెట్టదు, పిడికిట్లోకి తీసుకుంటే ఇరవై ఐదే ఉంటాయి. ఒకటి తగ్గితే కార్ఖానాలో కట్ట మొత్తం పక్కన పారేస్తారు.

నా పుస్తకం చూసి, "గిందుల ఏం రాసినవ్?" అని అడిగింది. మూడేళ్లలో ఆమె నా చదువు గురించి అడగడం అదే మొదటిసారి. చెప్పాలనిపించింది. చాయ్, కాఫీ ముచ్చట చెప్పాను. గాజు గ్లాసు, కాగితం కప్పు, కాఫీకి జరిగే అన్యాయం అంతా వివరించాను. ఆమె కట్టకు దారం చుడుతూ వింది.

"అంటె మన చిట్టీల తీరు" అంది.

నేను ఆమె మొహం చూశాను. కోపమేమీ లేదు. దారం పంటితో తెంపి ఇంకో కట్ట తీసుకుంది.

"నీకెట్ల ఎర్క వదినా?"

"దానికేం సదువు కావాలె? పోవుడువి మూడు, ఉండుడుది ఒక్కటి. నువ్వు రాస్తున్నప్పుడే ఎర్కైంది."

"మరి గప్పుడెందుకు చెప్పలే?"

"నేను చెప్తె ఏడుస్తుంది అంటరు. నువ్వు చెప్తె లెక్క అంటరు."

బయట పటాకులు పేలుతున్నాయి. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగింది.

"నీ కలం ఆగింది సూసిన. నీకు గూడ ఎర్కైందనుకున్న. మా ఆడిబిడ్డ సదువుకున్నది, ఇగ చెప్తది, ఇగ చెప్తది అని నీ దిక్కే సూసుకుంట కూసున్న. నువ్వు లేస్తివి. అవ్వతోని చెప్పెతందుకే లేసినవనుకున్న. లోపటికి పోయి బుక్కు తెచ్చుకున్నవ్."

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. కట్టిన కట్టలన్నీ చాటలో పేర్చుకుని, రేపు కార్ఖానా తీస్తారో లేదో కనుక్కోవాలని లేచి పక్కింటికి వెళ్లింది.